మూగరాజు కోట

ఆరేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం వదిన కళ్లజోళ్ల షాపు వెనకగదిలో రాజ్యాలు పుట్టి గిట్టేవి. గోడమీద పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాలకి దిగే చార్టు, దాని ముందు గుండ్రటి బల్ల, బల్లమీద చేత్తో గీసిన పటాలు, ఇరవై ముఖాల పాచిక. అది కథ అల్లుకుంటూ ఆడే ఆట, వదిన కథ నడిపేది. ఆమె మరిదీ, నర్సుగా పనిచేసే ఆమె చెల్లెలూ, ఒక బస్సు కండక్టరూ వీరులై ఆ కథలో తిరిగేవాళ్లు. కండక్టరుకి మైకు అని పేరు. అతను గుసగుసలాడితే వీధి చివర కుక్క నిద్ర లేస్తుంది.

వీరుడిగా ఎవరైనా ఆడతారు. విలన్‌ని పుట్టించడమే విద్య, అది వదిన సొత్తు. ఆమె విలన్లకి కొమ్ములూ కోరలూ ఉండవు. ఒకడు వంతెన దాటాలంటే చిన్ననాటి జ్ఞాపకం ఒకటి ఇచ్చి పొమ్మన్నాడు. ఇంకొకామె ఎంత ఆప్యాయంగా పలకరించేదంటే, ఆమెమీద కత్తి ఎత్తడానికి నర్సుకి మూడు ఆదివారాలు మనసొప్పలేదు. విలన్ కూలగానే వదిన ప్రతిసారీ ఒకటే మాట అనేది: "వీడు చచ్చాడు, ఇక టీ పెట్టండి." ఆ మాట కోసమే మరిది వారమంతా ప్రెస్సులో పోస్టర్లు అచ్చేస్తూ రోజులు లెక్కపెట్టుకునేవాడు.

అలాంటి వదినకి గొంతులో చిన్న గడ్డ తీశారు. నెలరోజులు నోరు మెదపొద్దన్నాడు డాక్టరు. ఆ తర్వాతైనా పాత గొంతు వస్తుందని మాటివ్వలేనన్నాడు. అప్పటికి ఆరేళ్ల కథలో ఆఖరి విలన్ ఒక్కడే మిగిలాడు.

"నువ్వు నడిపెయ్ బావా, అక్క విశ్రాంతి తీసుకుంటుంది" అంది నర్సు. మైకు కూడా సరేనన్నాడు. వదినని మాత్రం ఎవరూ అడగలేదు.

మరిది మూడు రోజులు కూర్చుని పదకొండు పేజీల విలన్‌ని తయారుచేశాడు. ఏడు తలలు, నాలుగొందల ప్రాణాలు, తలకో రకం మంట. పొంగిపోతూ తీసుకెళ్లి చూపించాడు. వదిన ఒక్క పేజీ వదలకుండా చదివి, పలక అందుకుని "వీడికి" అని రాసింది.

"బలం చాల్లేదా? ఇంకో రెండు తలలు పెడతాను" అన్నాడు మరిది.

వదిన తల అడ్డంగా ఊపి మిగతాది పూర్తిచేసింది: "వీడికి ఏం కావాలి?"

"లోకాన్ని ఏలాలి వదినా."

"ఏలి ఏం చేస్తాడు?"

మరిది తన కాగితాలకేసి చూశాడు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు ఏడు తలలకీ ఒకటే కోపం పెట్టాడు. ఒక్క తలలోనూ ఒక కోరిక పెట్టలేదు. వదిన కాగితాలు జాగ్రత్తగా సర్ది ఇచ్చేసి, "ఆదివారం నేనే నడుపుతాను" అని రాసి కింద గట్టిగా గీత గీసింది.

ఆదివారం ముగ్గురి ముందూ ఇరవయ్యేసి పాత కళ్లద్దాల బిళ్లలు పేర్చింది. అవే వాళ్ల ప్రాణాలు. తర్వాత ముందే రాసిపెట్టుకున్న కార్డుల్లోంచి ఒకటి తిప్పింది. "మూగరాజు కోటలో అడుగుపెట్టారు. ఇక్కడ ఎవరు మాట్లాడినా మాటకో ప్రాణం పోయి రాజుకి చేరుతుంది."

"ఇదెక్కడి న్యాయం అక్కా!" అన్నాడు మైకు.

వదిన మూడు బిళ్లలు లాక్కుంది.

"అయ్యో!"

నాలుగోది.

"నోరు ముయ్యరా" అని నర్సు అరిచింది. ఆమెవి రెండు పోయాయి.

అరగంట తిరిగేసరికి మైకు దగ్గర మూడే బిళ్లలు మిగిలాయి. ఆరేళ్లుగా ఆటలో బతికొచ్చిన అతని వీరుడికి ఇక మూడు మాటల ఆయుష్షు. అరచేత్తో నోరు మూసుకుని, బస్సులో కొట్టినట్టు బల్లమీద ఒక దెబ్బ కొడితే ఆగమనీ రెండు కొడితే పదమనీ సైగలు మొదలుపెట్టాడు. రాజుని కొట్టడానికి నర్సు పాచిక వేస్తే ఇరవై పడింది, అంతకు మించిన దెబ్బ లేదు. వదిన కార్డు తిప్పింది: "రాజుకి దెబ్బ తగలదు." మళ్లీ వేస్తే మళ్లీ అదే కార్డు.

ఒక్క మాట లేకుండా గదినంతా గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్న ఆ మనిషిని మరిది కళ్లప్పగించి చూశాడు. తన ఏడు తలలూ కలిసి వదిన కనుబొమకి సరిరావు. ఎంత గొప్పది మా వదిన అనుకున్నాడు. ఆ వెంటనే ఈ నెలరోజులూ గుర్తొచ్చి సిగ్గేసింది. గొంతు పోతే చెవులూ పోయినట్టు అందరూ ఆమెతో అరిచి మాట్లాడారు. పలకమీద సగం మాట పడగానే మిగతా సగం తామే చెప్పేసి, జవాబు కూడా తామే ఇచ్చేసి వెళ్లిపోయారు. అందరికంటే ముందు అలా చేసింది తనే.

మరిది పాచిక పక్కన పెట్టేశాడు. పలక తీసుకుని "రాజుగారూ, మీకేం కావాలి?" అని రాసి వదిన ముందుంచాడు.

వదిన సుద్ద అందుకుంది. "నేను" అని రాసి ఆగింది. మరిది నాలుక కొసదాకా పది మాటలొచ్చాయి. పళ్లు బిగించి ఆపుకున్నాడు. "నేను మాట" అని రాస్తుండగా సుద్ద విరిగింది. ఆమె తాపీగా ఇంకోటి వెతుక్కుంది. మైకు బల్లమీద ఒక్క దెబ్బ కొట్టాడు, ఎవరూ కదలొద్దని.

"నేను మాట పూర్తిచేసేదాకా ఎవరైనా ఆగాలి."

నర్సు కళ్లు తుడుచుకుంది. వదిన గెలుచుకున్న బిళ్లలన్నీ బల్ల మధ్యకి తోసేసింది. తర్వాత నోరు తెరిచింది. డాక్టరు పెట్టిన గడువు గురువారమే తీరిపోయిందని అప్పుడుగానీ మరిదికి గుర్తు రాలేదు.

"వీడు" అంది. గరగరమనే గొంతు, పాత గొంతు కాదు. అక్కడే ఆగిపోయింది.

తర్వాతి మాటేమిటో ఆరేళ్లుగా ముగ్గురికీ కంఠస్థం. అయినా ఎవరూ అందించలేదు. మైకు అరచెయ్యి నోటిమీదే ఉంది.

"వీడు... చావలేదు" అంది వదిన. ఇంకోసారి ఊపిరి తీసుకుంది. వాళ్లు ఇంకోసారి ఆగారు. "అయినా టీ పెట్టండి."