దాలమ్మ పేరు రాసిన డబ్బా

నేను ఒక కఫం డబ్బాను. అప్పుడే ముఖం చిట్లించకండి. ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోసి, గాలి కూడా సోకకుండా మూత బిగించి, మడి కట్టించినంత శుభ్రంగా నన్ను తయారుచేశారు. ఇంత భోగం దేనికోసమా అనుకున్నాను. ఆసుపత్రికి చేరాక తెలిసింది, ఉమ్మడానికట!

ల్యాబులో పనిచేసే ప్రమీల నా మీద 'దాలమ్మ' అని రాసి, వరండాలో నిలబడ్డ ఓ పెద్దావిడ చేతిలో పెట్టింది. దాలమ్మది టెక్కలి వైపు. కట్టెల పొయ్యి పొగా, నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట పొగా కలిసి ఆమెకు తీరని ఆయాసం తెచ్చిపెట్టాయి. వెంట వచ్చినవాడు అల్లుడు జోగారావు. రాళ్ళు కోసే మిల్లులో పనివాడు.

"ఉమ్మి కాదమ్మా. లోపల్నించి గట్టిగా దగ్గి కఫం తియ్యాలి," అంది ప్రమీల.

దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకేసి తిరిగిపోయింది. అల్లుడి ఎదుట కాండ్రించడమా! "అల్లుడుబాబు ఉన్నాడు గదా, నానెలా ఉమ్ముతానమ్మా?" అని గొణిగింది.

అతను కాసేపు అవతలికి పోతే సరిపోయేది. కానీ జోగారావు మహా మర్యాదస్థుడు. "ఇలా తే అత్తా. ఎవులిదైతే ఏటి, కఫం కఫమే గదా," అంటూ నన్ను మెట్ల చాటుకు తీసుకుపోయి, ఒక్క దగ్గుతో సగానికి నింపేశాడు. పచ్చగా, చిక్కగా. నేను కొయ్యబారిపోయాను. తోడు వచ్చిన మనిషి ఛాతీలో ఇంత పేరుకుని ఉందా? అది చూసి కూడా అతను మూత బిగించి, ఏమీ ఎరగనట్టు నన్ను ప్రమీలకు ఇచ్చేశాడు.

ఫలితం వచ్చిన రోజు అత్తా అల్లుడూ మళ్ళీ వచ్చారు. డాక్టరమ్మ నేనున్న ల్యాబు కిటికీ దగ్గరికే వచ్చింది.

"ఈ కఫంలో దొరికిన క్రిమి ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువగా కాపురం పెడుతుంది. ఇది పెరిగితే రోగం ముదురుతుంది, రోగం ముదిరితే ఇది ఇంకా పెరుగుతుంది. దాలమ్మ ఊపిరి పరీక్ష మరీ ఇంత చెడ్డగా లేదు. అసలీ కఫం ఈమెదేనా?"

జోగారావు నేలచూపులు చూశాడు. దాలమ్మ కిటికీ ఊచ పట్టుకుని, "నాది కాదమ్మా," అంది. "మా అల్లుడుబాబుది."

డాక్టరమ్మ అతని వీపు మీద స్టెతస్కోపు పెట్టింది. వింటూ వింటూ ఆమె ముఖం మారిపోయింది. "ఇవాళే చేరాలి నువ్వు," అంది.

"నాకేటి? మిల్లుకాడ అందరికీ ఇలాగే ఉంటాది. అత్తకి మందు రాయండి, నానెల్లాలి," అంటూ అతను మెట్లు దిగబోయాడు.

దాలమ్మ కిటికీలోంచి చెయ్యి చాచి రెండు కొత్త డబ్బాలు అందుకుంది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది. అల్లుడి ముఖంలోకి చూస్తూనే పేగులు కదిలేలా దగ్గి, కాండ్రించి, ఒకదాంట్లో ఉమ్మింది. రెండోది అతని ముందుకు చాపింది.

"నా సిగ్గు పోయినాది బాబూ. ఇక నీ పేరు రాయించుకో."

జోగారావు ఆగిపోయాడు. "మెట్ల సాటుకెల్లొస్తాను," అన్నాడు చివరికి.

"ఒద్దు. నా కళ్ళెదటే."

నన్ను కాల్చెయ్యడానికి పసుపు సంచిలో పడేశారు. సంచి మూతి బిగించేలోపు చివరగా చూశాను. జోగారావు వంగి దగ్గుతున్నాడు. అతని వీపు మీద దాలమ్మ చెయ్యి ఉంది.