గ్లూకోజ్ మేడమ్ నేర్పిన క్షమాపణ

కాలేజీ కాగితాల మీద ఆమె హోదా విద్యార్థి మార్గదర్శకురాలు. అంత పొడుగు పేరుతో పిలిచే ఓపిక లేక పిల్లలు గ్లూకోజ్ మేడమ్ అని పెట్టుకున్నారు. నీరసంగా ఆమె గదిలోకి వెళ్లినవాడు కాస్త తేరుకుని బయటికొస్తాడని. ఆ పేరు సంగతి ఆమెకూ తెలుసు. తెలియనట్టు ఉంటూనే లోలోపల మురిసిపోయేది.

ఆటల సామాన్ల గదిని చెక్క అడ్డుతో సగానికి చీల్చి, ఒక సగం ఆమెకిచ్చారు. పాత సోఫా, నీళ్ల సీసా, కళ్లు తుడుచుకోవడానికి కాగితపు రుమాళ్ల పెట్టె. అవతలి సగం నుంచి గాలి పోయిన బంతుల రబ్బరు వాసన వస్తూ ఉంటుంది. ఏడవడానికి వచ్చినవాళ్లకు అదొక లెక్క కాదు.

ఆ రోజు సోఫాలో కూర్చున్నది కాలువ పిల్ల. సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వానొస్తే మార్కెట్ వెనక మురుగు కాలువ ఎందుకు పొంగుతోందో తేలుస్తానని ప్రాజెక్టు తీసుకుంది. వానాకాలమంతా లోతు కొలవడానికి గీతలు పెట్టిన కర్రతో ఆ కాలువలో దిగి, మోకాళ్ల దాకా బురదతో క్లాసుకొచ్చేది. వాసన భరించలేక పక్కవాళ్లు బెంచీలు మారిపోయారు. పేరు అలా వచ్చింది.

మారనివాడు వెనక బెంచీ అబ్బాయి ఒక్కడే. ఎలా రాయాలో చూసి ఇచ్చేస్తానని ఆమె ప్రాజెక్టు అడిగి తీసుకున్నాడు. మాట ప్రకారం ఇచ్చేశాడు కూడా. కాకపోతే ఆమె కంటే ఒకరోజు ముందు దాన్ని తన పేరుతో అప్పజెప్పి వచ్చాడు. కంప్యూటరు రెండింటినీ పోల్చి, వెనకొచ్చిందే దొంగదని తేల్చింది. క్రమశిక్షణ కమిటీ ఇద్దర్నీ విడివిడిగా పిలిచింది. అతను ముందే వెళ్లి, నాది నేనే రాసుకున్నాను, ఆ పిల్లకెలా చేరిందో నాకేం తెలుసని చేతులు దులుపుకుని వచ్చేశాడు. ఇక ఈమె వంతు. కాపీ రుజువైతే సీటు పోతుంది.

"నేను కాపీ కొట్టలేదు మేడమ్" అంది కాలువ పిల్ల. "కావాలంటే నన్నేదైనా అడగమనండి. కల్వర్టు దగ్గర కాలువ వాలు వెనక్కి ఉంది. అదెందుకలా అయిందో నేను చెప్తాను. వాణ్ణి కూడా అడగమనండి, చెప్తాడేమో చూద్దాం."

గ్లూకోజ్ మేడమ్ ఆ మాట నమ్మింది. ఈ కథలో మింగుడుపడనిది అదే. నమ్మకుండా చేసి ఉంటే ఏదో పొరపాటులే అనుకోవచ్చు. నమ్మి చేసింది.

ఆమె లెక్కలు ఆమెకున్నాయి. పోయినేడు ఒకడు తనదే న్యాయమని కమిటీ ముందు బల్ల గుద్ది వాదించాడు. పొగరని పేరుపెట్టి గెంటేశారు. తల వంచినవాళ్లందరూ ఒక టర్మ్ ఇంట్లో కూర్చుని తిరిగొచ్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆమె నమ్మకం. అందుకని కొన్నేళ్లుగా అరగదీసి, నునుపు చేసి, ఒక క్షమాపణ తయారుచేసి పెట్టుకుంది. హాజరు తక్కువైనవాడికీ అదే, హాస్టల్ కిటికీ పగలగొట్టినవాడికీ అదే. తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకటే మాత్ర ఇచ్చే డాక్టరు వంటిదన్నమాట.

"ఇలా చెప్పు" అంది. "నా తప్పు నాకు తెలిసొచ్చింది. నావల్ల కాలేజీ పేరుకు మచ్చ వచ్చినందుకు సిగ్గుపడుతున్నాను. ఇకముందు నా నడవడికే నా జవాబు."

"చేయని తప్పు ఎలా ఒప్పుకోను మేడమ్?"

"ఒప్పుకుంటే ఒక టర్మ్ పోతుంది. వాదిస్తే చదువే పోతుంది. మీ మామయ్యకి ఏం చెప్పుకుంటావో ఆలోచించుకో."

అమ్మ పోయాక ఆ పిల్లను పెంచింది మేనమామే. బస్సు డిపోలో మెకానిక్. ఎక్కడ నొక్కితే లొంగుతుందో మేడమ్‌కి తెలుసు, అక్కడే నొక్కింది. కాలువ పిల్ల కాసేపు కాగితపు రుమాలును వేళ్ల మధ్య నలిపింది. తర్వాత ఆ మాటలు మళ్లీ చెప్పమంది.

"నా తప్పు" దగ్గర మొదట్లో గొంతు ఆగిపోయేది. చెప్పగా చెప్పగా ఆగడం మానేసింది. ఆమె వెళ్లబోతుంటే మేడమ్ ఇంకొక జాగ్రత్త కూడా చెప్పింది.

"నేను చెప్పించానని మాత్రం అక్కడ అనకమ్మా. నేనూ అక్కడే కూర్చుంటాను కదా, బాగోదు."

కమిటీ గదిలో పొడవాటి బల్లకు అటువైపు డీన్, ఇద్దరు లెక్చరర్లు. మూలన కుర్చీలో గ్లూకోజ్ మేడమ్. విద్యార్థి తరఫున కూర్చోవడం ఆమె ఉద్యోగంలో భాగం. అడిగితే మాట్లాడాలి, అడగకపోతే గోడతో సమానం.

కాలువ పిల్ల నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పింది. "ఇకముందు నా నడవడికే నా జవాబు" అని ముగించేసరికి లెక్చరర్లలో ఒకాయన నవ్వు ఆపుకోలేక అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

డీన్ నవ్వలేదు. "పొద్దున హాస్టల్ కుర్రాడు ఇదే చెప్పాడు. వాడి తర్వాత వచ్చినవాడూ ఇదే చెప్పాడు. కాపీ కేసులో పిలిస్తే క్షమాపణ కూడా కాపీ కొట్టుకొచ్చావా? ఎవరిచ్చారు నీకీ మాటలు?"

కాలువ పిల్ల గ్లూకోజ్ మేడమ్ వైపు చూడలేదు. చూడకూడదని ఎవరూ చెప్పలేదు, తనంతట తనే చూడలేదు.

"ఎవరూ ఇవ్వలేదు సర్. నా మాటలే."

"అంటే అబద్ధం కూడా." డీన్ మూలకు తిరిగాడు. "మేడమ్, మీరేమైనా చెప్తారా?"

అడిగారు. గోడకు నోరిచ్చారు. ఆ మాటలు నావి, ఆ పిల్లను కల్వర్టు గురించి అడగండి, వాణ్ణీ పిలిపించి అడగండి. చెప్పాల్సింది అంతే. అయితే ఎవరిచ్చారు అన్న మాట ఆమె చెవుల్లో గింగిరాలు తిరుగుతోంది. ఆ మాటలు తనవని తేలితే ఆ గదీ, ఆ సోఫా, ఆ పేరూ ఏమవుతాయో కళ్లముందు కనబడింది. లేచి నిలబడింది. ఏళ్ల తరబడి అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది.

"అమ్మాయి మంచిదే సర్. ఒక్క అవకాశం ఇచ్చి చూడండి."

"ఇది కూడా విన్నదే" అన్నాడు డీన్, పెన్ను తీసుకుంటూ.

సీటు రద్దయింది. సాయంత్రం గ్లూకోజ్ మేడమ్ ధైర్యం కూడగట్టుకుని డీన్ గదికి వెళ్లింది. కూర్చోకుండానే ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఒప్పుకున్నవాళ్లకి అప్పీలు లేదు, మీకూ తెలుసు" అన్నాడు. "ఇప్పుడు ఇది తెరిస్తే మీ గదిలోంచి వచ్చి ఒప్పుకున్నవాళ్లందరివీ తెరవాలి. తెరుద్దామంటారా?"

తెరుద్దామని ఆమె అనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోబోయింది, ఆ ఆకులూ వేడిగానే ఉన్నాయి. వదిలేసింది.

మర్నాడు మేనమామ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు గానీ గోళ్లలో గ్రీజు నలుపు పోలేదు. హాస్టల్ సామాను సంచుల్లో సర్దుకుని కాలువ పిల్ల వరండాలో బెంచీ మీద కూర్చుంది. గీతలు పెట్టిన కర్ర పట్టక, ఒక సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చింది. ఆయన ఒక్కడే లోపలికొచ్చి, సోఫాలో కూర్చోకుండా నిలబడ్డాడు.

"మేడమ్, నాకు ఇంజన్లు తెలుసుగానీ ఈ చదువులు తెలీవు. ఒక్కటే అడుగుతాను. మా పిల్ల నిజంగా దొంగతనం చేసిందా? దాన్నడిగితే అందరి ముందూ ఒప్పుకున్నాను మామయ్యా అంటుందే తప్ప ఇంకో మాట లేదు."

ఈసారి గ్లూకోజ్ మేడమ్ వెనకాడలేదు. రాత్రంతా తనను తాను తిట్టుకుని వచ్చింది.

"లేదండీ. ఆ ప్రాజెక్టు మీ అమ్మాయిదే. తను ఏ తప్పూ చేయలేదు. ఒప్పుకోమని నేనే చెప్పాను. తప్పంతా నాది."

ఆయనకు కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. నిజానికి ఆ కోపమే కావాలనుకుంది. ఆయన కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించాడు.

"అది చెప్పింది మేడమ్, మీరు చాలా మంచివారని. ఎవరొచ్చినా మనసు కష్టపెట్టకుండా మాట్లాడతారట. నాకోసం తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"అయ్యో, అది కాదండీ. ఇది ఓదార్చడానికి చెప్తున్నది కాదు. నిజం."

"ఉండనివ్వండి మేడమ్. పెద్ద మనసు మీది. చేసిందేదో చేసింది, ఇంటికి తీసుకెళ్లి బుద్ధి చెప్పుకుంటాను."

ఆమె ఆయన వెనకే వరండాలోకి పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి లోపలి మాటలన్నీ కాలువ పిల్ల వినే ఉంటుంది. "నువ్వైనా చెప్పమ్మా" అంది మేడమ్.

కాలువ పిల్ల లేచి సంచులు భుజాన వేసుకుంది. ఆమె ముఖంలో కోపమూ లేదు, ఏడుపూ లేదు.

"ఇప్పుడు నేనేం చెప్పాలి మేడమ్?" అంది. "మీరు చెప్పండి, నేర్చుకుంటాను."

మేనమామ ఆమె భుజం మీంచి బరువైన సంచి అందుకుని, "మేడమ్‌తో అలాగేనా మాట్లాడేది? క్షమాపణ అడుగు" అన్నాడు.

కాలువ పిల్ల చేతులు కట్టుకుంది.

"నా తప్పు నాకు తెలిసొచ్చింది" అని మొదలుపెట్టింది.