ముందు ఎదుటివారి మాట

ఒబ్దులియా ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే వ్యవసాయశాస్త్రంలో అయిదేళ్ల చదువుకు పట్టా రాదు. స్పానిష్ మాట్లాడే వహాకా నగరంలో ఆమె చదివే విశ్వవిద్యాలయం నియమం అది. ఎవరైనా సరే, చదువు చివర ఒక ఇంగ్లీషు వ్యాసం చదివి, ప్రశ్నలకు స్పానిష్‌లో జవాబు రాయాలి. నిఘంటువు వెంట తెచ్చుకోవచ్చు.

ఆ నిఘంటువే ఆమె ధైర్యం. ప్రతి ఇంగ్లీషు మాట నెత్తినా పెన్సిలుతో ఒక స్పానిష్ మాట ఎక్కించేది. రెండుసార్లూ వ్యాసం సగంలో ఉండగానే గంట మోగింది.

"ఏమే, పప్పన్నం ఎప్పుడు పెడతావ్?" అన్నాడు తోటి విద్యార్థి బెనిగ్నో.

"ఎవరి పెళ్లిరా?"

"నీకూ ఆ డిక్షనరీకీ! ఎక్కడికెళ్లినా చంకలోనే ఉంటోందిగా."

"నన్నొదిలేసి ముందు నీ మార్కులకో సంబంధం చూడు, పో."

మూడో పరీక్షకు తయారు చేసే అంపారో టీచరు మొదటిరోజే నిఘంటువు లాగేసుకుంది. కాఫీ ఆకులకు పట్టే తుప్పు తెగులు మీద ఒక వ్యాసం ఇచ్చింది. ఒబ్దులియా లోలోపల నవ్వుకుంది. ఆమెది కాఫీ కొండల్లోని ఊరు. పది నిమిషాల్లో జవాబులన్నీ రాసేసింది. ఒక్కటి తప్ప అన్నీ తప్పులే.

"నీడవల్లే తెగులు పెరిగిందని రాశావు. వ్యాసం రాసినాయన ఆ మాట ఎక్కడన్నాడు?"

"ఆయన అనేదేంటి మేడమ్! మా తోటలో నా కళ్లతో నేను చూశాను."

"మీ తోట సంగతి ఎవరడిగారమ్మా? నీడచెట్లు కొట్టెయ్యొద్దని ఆయన మొత్తుకుంటుంటే, ఆయన నోరు మూసేసి నువ్వే మాట్లాడేశావు."

ఆ మాట ములుకులా దిగింది. ఇన్నాళ్లూ తెలియని మాటలే తనకు అడ్డమనుకుంది. తెలుసన్న నమ్మకం అంతకన్నా ఎత్తయిన గోడ కాబోలు.

అప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్ల ఊరి సభలో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివారిని కాదనదలచినవారు ముందు వారి వాదాన్ని వారి ముఖం మీదే చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని వారు తలాడించాకే సొంత మాట ఎత్తాలి. సభలో అమ్మమ్మకు ఎదురుండేది కాదు. ఒబ్దులియా దాన్ని ఇన్నేళ్లూ మర్యాద అనుకుంది. అది మర్యాద కాదు, శ్రమ. తనను తాను కాసేపు పక్కన కూర్చోబెట్టుకునే శ్రమ.

మర్నాటినుంచి పేరా చదవగానే కాగితం బోర్లించి, మాతృభాష జపోతెక్‌లో కంటికి కనబడని రచయితను అడిగేది: "నువ్వన్నది ఇదే కదా?" ఆయన తలాడించలేదని తోస్తే మళ్లీ చదివేది.

"మేడమ్, ఇది గోడతో మాట్లాడుతోంది!" అన్నాడు బెనిగ్నో.

"గోడ ఏమందో ఒబ్దులియా చెప్పగలదు. నేను చెప్పింది నువ్వు చెప్పగలవా?" అంది అంపారో.

పరీక్షలో వచ్చిన వ్యాసం చూసి ఒబ్దులియాకు ఒళ్లు మండింది. కొండరైతులు నాటు మొక్కజొన్న మాని కొత్త విత్తనాలు వేసుకోవాలట! చెయ్యి జవాబు మీదికి ఉరికింది. ఆపింది. మొదటి పేరా తనలో తాను చెప్పుకుంది. రచయిత తలాడించలేదు. మళ్లీ చదివితే, వాన నమ్మకంగా కురిసే చోట మాత్రమేనని ఆయన పెట్టిన షరతు కనబడింది. నిఘంటువు నాలుగుసార్లే తెరిచింది. గంట మోగేసరికి చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

వారం తర్వాత అంపారో ఆమెను పిలిచి జవాబుపత్రం ముందు పెట్టింది. అన్నీ ఒప్పులే. కానీ చివర ఎవరూ అడగని వాక్యం ఒకటుంది: "మీరన్నది అర్థమైంది. నేను ఒప్పుకోను."

"ఇదెందుకు రాశావమ్మాయ్?"

"ఆయన తలాడించాకే రాశాను మేడమ్," అంది ఒబ్దులియా.