బెండకాయల కరెంటు

మా నాన్నని వీధి వీధంతా అబూ గజ్వాన్ అంటుంది, గజ్వాన్ తండ్రి అని. గజ్వాన్ మా తమ్ముడు. వాడికంటే నాలుగేళ్లు ముందు పుట్టినదాన్ని నేను, నిదాల్‌ని. నా పేరుతో మా నాన్నని ఎవరూ పిలవలేదు. ఇన్నేళ్లలో అది నాకు పట్టనే లేదు. ఈ జూలైలో పట్టింది.

నాన్న ఏటి ఒడ్డున పడవలు బాగుచేస్తాడు. డెబ్బై దగ్గరపడుతున్నా మానడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం తారు పూయడానికి పడవ కింద దూరినవాడు మళ్లీ బయటికి రాలేదు. కాళ్లు పట్టి లాగి చూస్తే ఒళ్లు పెనంలా కాలిపోతోందట, చెమట చుక్క లేదట. నేను వెళ్లేసరికి నన్ను చచ్చిపోయిన మా అమ్మ పేరుతో పిలిచాడు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచి పంపుతూ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"రెండు వారాలు చల్లటి గదిలోంచి కదలనివ్వకు. ఒళ్లు ఇంకోసారి ఇలా వేడెక్కిందంటే మనిషి నీకు దక్కడు."

చల్లటి గది అంటే మా ఊరు బస్రాలో కరెంటు. మధ్యాహ్నం సర్కారు కరెంటు పోయాక మాకు దిక్కు వీధి చివర జనరేటరు. అక్కణ్ణించి మా ఇంటికి ఎనిమిది ఆంపియర్ల లైనుంది. చిన్న ఏసీ నడవడానికి బొటాబొటిగా సరిపోతుంది. అంతకు మించి లాగితే అక్కడి బోర్డులో మన బ్రేకరు పడిపోతుంది. అప్పుడు మనమే ఆ ఎండలో నడిచివెళ్లి, ఆపరేటరుని బతిమాలి ఎత్తించుకోవాలి.

నాన్న కోసం ఏసీ వేసినప్పటినించీ మా బ్రేకరు రోజూ పడింది. ఒక్కోరోజు మూడేసి సార్లు.

"ఏం నడుపుతున్నావక్కా ఇంట్లో? రైసు మిల్లా?" అన్నాడు ఆపరేటరు.

నేను ఫ్రిజ్ ఆపేశాను. కుట్టుమిషను ఆపేశాను. కుట్టి ఇవ్వాల్సిన పెళ్లి బట్టలు మూటలోనే ఉండిపోయాయి. లైట్లు తీసేసి, ఆ చీకటి గదిలో నాన్న మెడకీ చంకలకీ తడిగుడ్డలు వేస్తూ, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పట్టాను. అయినా బ్రేకరు పడుతూనే ఉంది. తప్పు నాదేననుకున్నాను. ఏ మూల ఏ స్విచ్చి మర్చిపోయానో అని గోడలన్నీ తడుముకున్నాను.

గజ్వాన్‌ది మా ఇంట్లోనే అవతలి సగం. పెళ్లయ్యాక మధ్యలో గోడ కట్టుకున్నాడు. రోజూ సాయంత్రం గిన్నెడు ఐసు పట్టుకుని వచ్చేవాడు. నాన్న నుదురు ముద్దుపెట్టుకుని, "నా ఆయుష్షు కూడా పోసుకో నాన్నా" అని కళ్లు తుడుచుకునేవాడు.

"మా ఫ్రీజరులోది అక్కా. నీ ఫ్రిజ్ ఆపేశానన్నావుగా" అనేవాడు నాతో.

వాణ్ని దీవించాను. పళ్లూడగొట్టాల్సినవాణ్ని నోరారా దీవించాను.

ఇంటికొచ్చిన నాలుగో రోజు పొద్దున్నే దుప్పట్లు ఆరేయడానికి డాబా ఎక్కాను. పక్క డాబా మీద చాసిబ్ పావురాలకి నీళ్లు పెడుతున్నాడు. అతనికి లోకంలో వేరే పనిలేదు, పావురాలు ఎగరేయడమే.

"చెల్లెమ్మా, ఏమనుకోకు. మీ లైనుకి ఒక నల్ల తీగ తగిలించుంది. గోడ దాటి గజ్వాన్ వైపు పోతోంది. ఆ ట్యాంకు వెనక చూడు."

మా దగ్గర పావురాలు ఎగరేసేవాడి సాక్ష్యం చెల్లదంటారు. పరాయివాడి పావురాన్ని తన డాబా మీదికి దింపుకుని, పుట్టినప్పటినించీ నాదేనని ఒట్టేసే రకం కదా అని. పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు. అది వింటూ పెరిగినదాన్నే నేనూ.

"నీ కబుర్లు నీ పావురాలకి చెప్పుకో. అక్కాతమ్ముళ్ల మధ్య పుల్లలు పెట్టకు" అన్నాను. ట్యాంకు పదడుగుల దూరంలో ఉంది. చూడనైనా చూడకుండా దిగొచ్చాను.

పైగా నాన్న దగ్గర కూర్చుని ఆ మాట చెప్పి నవ్వాను. నాన్న కళ్లు మూసుకుని, "వాడంతేలే అమ్మా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బ్రేకరు పడింది. పరుగెత్తాను. ఆపరేటరు భోజనానికి వెళ్లాడు. వాణ్ని వెతికి పట్టుకొచ్చి ఎత్తించేసరికి ముప్పావుగంట. ఇంటికొచ్చి చూస్తే నాన్న మంచం దిగి నేల మీద ఉన్నాడు. కళ్లు తేలేశాడు. మళ్లీ అమ్మ పేరు పిలుస్తున్నాడు. డ్రమ్ములో దాచుకున్న నీళ్లన్నీ ఒంటిమీద పోశాను. ఈతాకు విసనకర్రతో చేతులు పడిపోయేదాకా విసిరాను. ఏడుస్తూ విసిరాను. గంటకి కళ్లు తెరిచి, "నిదాల్" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

ఆయన కాస్త కుదుటపడి నిద్రపోయాక డాబా ఎక్కి ట్యాంకు వెనక చూశాను.

తీగ ఉంది. చాసిబ్ చెప్పినట్టే గోడ దాటి పోతోంది. కానీ నా చూపు ఆగింది తీగ మీద కాదు. ఊడిపోకుండా దాన్ని పైపుకి తారు పూసిన పురికొసతో కట్టారు. మూడు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి దోపుడు. ఆ ముడి గజ్వాన్‌కి చేతకాదు. పడవల దగ్గర అలా కట్టేది మా నాన్నొక్కడే.

కిందికొచ్చి ఆయన లేచేదాకా కూర్చున్నాను.

"ఆ తీగ నువ్వే కట్టావా నాన్నా?"

"జూన్‌లో కట్టాను. కోడలు చలికాలానికని బెండకాయలు ఫ్రీజరు నిండా దాచుకుంది. మధ్యాహ్నాలు కరెంటు లేక అన్నీ కుళ్లిపోతున్నాయని గజ్వాన్ బాధపడ్డాడు."

"ఇప్పుడు? నేను రోజూ ఎండలో పరుగెత్తుతుంటే చూస్తూ పడుకున్నావు. చాసిబ్‌ని నీ ముందే అబద్ధాలకోరన్నాను."

"చెప్తే తీసేస్తావు. వాడు చిన్నబుచ్చుకుంటాడు."

"ఇవాళ చచ్చిపోయేవాడివి నాన్నా."

"నువ్వున్నావుగా విసరడానికి" అన్నాడు. తిట్టలేదు, విసుక్కోలేదు. దాహమేస్తే నీళ్లడిగినట్టు అన్నాడు. ఆ మాట తగిలిన చోట ఇప్పటికీ నొప్పే.

మెయిన్ స్విచ్చి కట్టేసి మళ్లీ డాబా ఎక్కాను. వంటింటి కత్తికి ఆ తారు పురికొస తెగలేదు. పక్క డాబా మీంచి చాసిబ్ కటింగ్ ప్లేయరు అందించాడు. అతని మొహం చూడలేకపోయాను. "తప్పయిపోయిందన్నా" అన్నాను తీగ కత్తిరిస్తూ.

మర్నాడు మధ్యాహ్నం ఏసీ ఒక్కసారి కూడా ఆగలేదు. నాన్న ఒళ్లు చల్లగా ఉంది. హాయిగా నిద్రపోయాడు. సాయంత్రం అయింది, చీకటి కూడా పడింది. గజ్వాన్ రాలేదు.

నాన్న రెండుమూడు సార్లు తలుపు వైపు చూశాడు.

"ఇవాళ ఐసు తేలేదేం వాడు?"

"మన కరెంటు లేదుగా నాన్నా వాడికి. ఐసెక్కణ్ణించి వస్తుంది?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను మళ్లీ వేసిన ఫ్రిజ్‌లోంచి నీళ్లు తెచ్చి, ఉప్పూ పంచదారా కలిపి, గ్లాసు ఆయన చేతికందేలా స్టూలు మీద పెట్టాను. చెంచా పెట్టలేదు.