అరుపు ఆగిన రోజు

పదకొండు గంటల మీటింగుకి ముందు అఖిలేష్‌కి టీ పడాలి. రాజ్యశ్రీ అల్లం దంచుతుంటే పెరట్లోంచి అరుపు వినిపించింది. ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. తలుపు తీసి చూస్తే మెంతికూర మడి మధ్యలో గోధుమరంగు ఆవు. రెండు చెవులకీ నంబర్లున్న పసుపు బిళ్ళలు. పొదుగు బిగిసిపోయి, పాలు చుక్కలు చుక్కలుగా మట్టిలో పడుతున్నాయి.

"ఏంటా చప్పుడు? కాల్‌లో వినబడుతోంది. తోలెయ్!" గదిలోంచి అఖిలేష్ కేకేశాడు.

కరోనాతో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ ఆఫీసు మూతబడ్డాక, అద్దె తక్కువని ఈ పల్లెలో పశువుల ఫారం పక్కనున్న ఇంటికి మారారు. ఆయనకి ఒక గది ఆఫీసు. ఆమెకి ఇల్లంతా ఆఫీసే, సెలవు మాత్రం లేదు.

సరిగ్గా అప్పుడే ఖమ్మం నుంచి అత్తగారు అలివేలుమంగ వీడియో కాల్ చేసింది. ఒళ్ళో రెండున్నరేళ్ళ శ్రావ్య.

"గోమాత గుమ్మంలోకొస్తే తోలేస్తారటే రాజీ? పసుపు రాసి, బొట్టు పెట్టి, బెల్లం కలిపిన అన్నం పెట్టు. కలిసొస్తుంది."

రాజ్యశ్రీ పెట్టింది. మీటింగు గ్యాపులో అఖిలేష్ వచ్చి స్టేటస్ కోసం ఫోటో తీసుకుని, ఆవు తల తిప్పేలోగా మాయమయ్యాడు.

"చూడు, ఫోనమ్మ ఆవుకి బువ్వ పెడుతోంది," అంది శ్రావ్య నానమ్మతో. నానమ్మని అమ్మా అంటుంది. రాజ్యశ్రీని ఫోనమ్మ అంటుంది.

కాసేపటికి ఫారం యజమానురాలు ఫ్రావ్ బ్రాండెస్ దాణా బకెట్టు గలగలలాడించుకుంటూ వచ్చింది. ఆవు నుదుట ఎరుపు చూసి ఉలిక్కిపడింది. "రక్తమా?" కాదు, దండం పెట్టామని రాజ్యశ్రీ వచ్చీరాని జర్మన్‌లో చెప్పుకుంది. ఆవిడ పళ్ళెం ఎత్తి వాసన చూసింది. ఇంట్లో వండింది పశువులకి పెట్టకూడదు, ఇక్కడ చట్టం ఒప్పుకోదు, తెలుసా అంది. రాజ్యశ్రీ పళ్ళెం వెనక్కి తీసుకుంది. ఇంకెప్పుడూ పెట్టనంది.

మర్నాడు ఆవు కంచె దాటి మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ.

"నా అన్నం కోసమేనా?" మూడో రోజు, ఆవుని తోలుకెళ్ళడానికొచ్చినావిడని అడిగింది రాజ్యశ్రీ.

ఫ్రావ్ బ్రాండెస్ నవ్వింది. "నీ అన్నానిక్కాదు. దూడ ఎదిగిందని ఆదివారం విడదీసి అవతలి షెడ్డులో పెట్టాం. దాన్ని వెతుకుతోంది. మూడు నాలుగు రోజులు అరుస్తాయి."

"తర్వాత మర్చిపోతుందా?"

ఆవిడ బకెట్టు కింద పెట్టింది. "అది నాకు తెలీదు. అరవడం మానేస్తుంది."

ఆ మాట పట్టుకుని ఇంట్లోకొచ్చింది రాజ్యశ్రీ. గిన్నెలు తోముతున్నా అదే మాట. పదినెలల పిల్లని ఖమ్మంలో వదిలి విమానం ఎక్కిన రోజు, గాల్లో ఉండగానే పాలొచ్చి జాకెట్టు తడిసింది. "పాప ఉంటే జర్మన్ నేర్చుకోలేవు, ఉద్యోగం రాదు. ఆరు నెలలే కదా, ఇక్కడ పిల్లల్ని చూసుకునే కీటాలో సీటు దొరకగానే తెచ్చేద్దాం," అన్నాడు అఖిలేష్. రెండు నెలలకే దారులన్నీ మూసుకుపోయాయి. కోర్సు లేదు, ఉద్యోగం లేదు, పాప లేదు. మొదట్లో రోజూ ఏడ్చేది. ఎప్పుడు మానేసిందో గుర్తులేదు. ఒకరోజు అఖిలేష్ తల్లితో ఫోన్‌లో అన్న మాట మాత్రం గుర్తుంది. "ఇప్పుడు బానే ఉందమ్మా, అలవాటైపోయింది." కిటికీలకి మూడు పొరల అద్దాలు. అయినా ఆ మధ్యాహ్నమంతా అరుపు వినిపిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం బ్యోబ్లింగెన్ నుంచి స్నేహితురాలు సంయుక్త ఫోన్ చేసి, ఇండియా వెళ్ళి అమ్మని చూసొచ్చానంది.

"విమానాలు తిరుగుతున్నాయా?"

"అదేంటే, నిరుటి నుంచీ తిరుగుతూనే ఉన్నాయిగా! మధ్యలో కొన్నాళ్ళు ఆగాయంతే. అఖిలేష్‌గారు చెప్పలేదా?"

రాజ్యశ్రీ ఆయన గది గుమ్మంలో నిలబడి అడిగింది. అఖిలేష్ హెడ్‌ఫోన్ ఒక చెవినుంచి జరిపాడు.

"తెలుసు. చెప్తే వెళ్తానని ఏడుస్తావు. వెళ్ళి ఇరుక్కుపోతే ఇక్కడ నన్నెవరు చూస్తారు? పాపకేం, అమ్మ దగ్గర హాయిగా ఉంది." మళ్ళీ హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు.

నాలుగో రోజు అరుపు లేదు. పదకొండు కావస్తుంటే రాజ్యశ్రీ పొయ్యి కట్టేసి కంచె దాకా వెళ్ళింది. మందలో ఆ ఆవు తల వంచుకుని గడ్డి మేస్తోంది. నుదుట పసుపు ఇంకా మాసిపోలేదు. అవతలి షెడ్డు వైపు వీపు పెట్టి నిలబడింది. దాన్ని అలా చూస్తుంటే, అరిచిన మూడు రోజుల్లోనూ వెయ్యని భయం వేసింది.

ఇంటికొచ్చి అలమారాలో ఆయన ఫైలు తీసి, అందులోంచి తన పాస్‌పోర్టు పక్కన పెట్టుకుంది. సంయుక్తకి మెసేజి పెట్టింది. "టికెట్ ఎక్కడ తీశావు? నాకు పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు రెండు కావాలి."

మంచం కింద నుంచి సూట్‌కేసు లాగింది. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ కదలని చక్రాలు చెక్క నేల మీద కీచుమని మూలిగాయి.

"రాజీ, టీ ఏదీ? ఏంటా చప్పుడు, మళ్ళీ ఆవొచ్చిందా?"

"ఆవు కాదు," అంది రాజ్యశ్రీ. "నేను."