టోపీ అంచు

పొద్దున్న ఏడున్నరైనా టోపీ తడి ఆరలేదు.

హేమశ్రీ దాన్ని నిన్న మధ్యాహ్నమే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టింది. తువ్వాల్లో చుట్టి అదిమి, బోర్లించిన స్టీలు తపేలా మీదికి సాగదీసి తొడిగింది. సరిగ్గా అమ్మ తలంత తపేలా, టేపుతో కొలిచి మరీ ఏరింది. ఎండుంటే ఒక్కపూటలో ఆరేది. రామచంద్రపురంలో మూడు రోజులుగా ఒకటే ముసురు.

తల్లి సంపూర్ణమ్మకి కేన్సర్. రాజమండ్రి ఆస్పత్రిలో రెండో కీమో అయ్యేసరికి జుట్టంతా రాలిపోయింది. కిందటివారం మూడోదానికి బయల్దేరితే బస్సులో గాలికి నెత్తిమీది కొంగు జారింది. అందరూ తిరిగి చూశారు. ఆవిడ దారిలోనే దిగిపోయి ఇంటికొచ్చేసింది.

"ఇంకోసారి తప్పితే కష్టమమ్మా," అన్నారు డాక్టరుగారు ఫోనులో.

అందుకే హేమశ్రీ అయిదు రోజులు కూర్చుని, నడినెత్తి నుంచి మొదలుపెట్టి టోపీ అల్లింది. అంతా కుదిరింది కానీ చివరి వరస ముగించేటప్పుడు దారం బిగలాగేసింది. అమ్మకి పెట్టిచూస్తే అంచు ఒత్తుకుని నుదుటిమీద ఎర్రగా గాటుపడింది. అది సాగాలనే తపేలాకి తొడిగింది.

తొమ్మిదికి ఆస్పత్రికి వెళ్ళే కారొస్తుంది. అంచైనా వదులవుతుందని ఇస్త్రీపెట్టె వేడిచేసింది. పైన తడిగుడ్డ వేసి ఆవిరి మాత్రమే పట్టించాలని తెలుసు. టైమైపోతోందన్న కంగారులో నేరుగా అంచుమీదే నొక్కేసింది.

చుయ్యిమంది. సింథటిక్ ఊలు కరిగి అట్టముక్కలా బిగుసుకుపోయింది.

"ఏంటమ్మా ఆ కమురు వాసన?" తండ్రి అప్పారావు వచ్చాడు.

"పాడుచేసేశాను నాన్నా."

ఆయన టోపీవంక చూసి గోడకి ఆనుకున్నాడు. "మీ అమ్మ గడియ పెట్టుకుంది. రానంటోంది. నేనేం చెప్పి తీసుకెళ్ళేది?"

హేమశ్రీ కత్తెర తీసింది. కాలిన అంచంతా కత్తిరించి, మంచి వరసదాకా విప్పి, కుట్లన్నీ ఒక్కొక్కటిగా సూదికెక్కించింది. తొందరలో ఒక కుట్టు జారి నాలుగు వరసలదాకా విడిపోయింది. ఏడుస్తూనే క్రోషా సూదితో దాన్ని పట్టి పైకి లాక్కొచ్చింది. మిగిలింది నిమ్మకాయంత ఊలు ఉండ. ఈసారి లావు సూదితో వదులుగా అల్లింది. వీధిలో హారను మోగింది. మళ్ళీ మోగింది.

తొమ్మిదీ ఇరవైకి తలుపు తట్టింది.

"అమ్మా, ఒక్కసారి పెట్టుకో. ఆ తర్వాత నీ ఇష్టం."

కాసేపటికి గడియ తీసి, సంపూర్ణమ్మ చెయ్యి ఒక్కటే బయటికి చాపింది.

అద్దం ముందు ఆవిడ అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూసుకుంది. "ఇంకా చెమ్మగా ఉందే."

"ఉందమ్మా."

"బిగుతు లేదులే," అని చెప్పులు వేసుకుంది.

కారులో కూర్చున్నాక, టోపీకి వేలాడుతున్న దారపు కొసల్ని హేమశ్రీ మొద్దు సూదితో లోపలికి దోపింది. సూది తగిలినచోటల్లా ఆ లేతతల ఉలిక్కిపడుతోంది.

"నొప్పా?"

"కానియ్యి. మళ్ళీ ఊడిపోకుండా చూడు."

ఆస్పత్రి చేరేసరికి పదకొండు కావస్తోంది. నర్సు గడియారం చూసి విసుక్కుంది కానీ చక్రాల కుర్చీ తెచ్చింది. తలుపు వెనక్కి తల్లి వెళ్ళిపోయాక హేమశ్రీ బెంచీమీద కూలబడింది. పిడికిలి విప్పబోతే, సూదులు పట్టీపట్టీ కొయ్యబారిన వేళ్ళు రాలేదు. అప్పారావు ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుని, ఒక్కో వేలూ మెల్లగా తెరిచాడు.