గంగాధరప్ప స్వరపెట్టె, చౌడేశ్వరి రేకు

హిందూపురంలో గంగాధరప్ప రేడియోలు బాగుచేసేవాడు. అవి నిజంగానే బాగయ్యేవి. ఆ మాట ఊళ్లో ఎవరూ పైకి ఒప్పుకునేవారు కాదు గానీ, రేడియో మూగబోతే మాత్రం దాన్ని దుప్పట్లో చుట్టుకుని బెల్లం మండీ పక్కనున్న అతని అంగడికే వచ్చేవారు. వచ్చి, “ఏం లేదప్పా, లోపల చిన్న తీగ ఊడి ఉండాది, అంతే” అని రోగమూ మందూ తామే చెప్పేవారు. మూడు రోజులు కష్టపడి అతను బాగుచేసి ఇస్తే “నేను చెప్పలేదా?” అని చంకన పెట్టుకుని పోయేవారు.

1961లో అతనికి ఒక ఆలోచన వచ్చింది. రేడియో ఎక్కడో ఎవరో పాడినదాన్ని వినిపిస్తుంది. తనంతట తానే స్వరం పుట్టించే పెట్టె ఎందుకు చేయకూడదు? బెంగుళూరు ఆదివారం సంతలో, యుద్ధం నాటి మిలిటరీ సామాన్ల గుట్టలో, అతనికి చినిగిన ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది. రేడియో వాల్వులతో సంగీతం పలికించే యంత్రం ఎలా కట్టాలో అందులో బొమ్మ వేసి ఉంది. చివరి పేజీ లేదు. ఆ లేని పేజీలో ఏముందో కనుక్కోవడానికి గంగాధరప్పకు పదకొండు నెలలు పట్టింది.

పాడుబడిన హార్మోనియం నుంచి మెట్లు ఊడదీశాడు. ఒక్కో మెట్టు నొక్కితే ఒక్కో స్వరం పలికేలా తీగలు కలిపాడు. మన సంగీతంలో స్వరం నిటారుగా నిలబడితే సరిపోదు, ఊగాలి, జారాలి. అందుకని ఒక బిరడా పెట్టాడు. దాన్ని తిప్పితే స్వరం వీణ తీగలాగా కిందికీ పైకీ జారుతుంది. అలాంటి బిరడాలు మొత్తం అయిదయ్యాయి. పెట్టె మొదటిసారి పలికిన ఉదయం వంటింట్లోంచి అతని భార్య చౌడేశ్వరి కేకేసింది.

“మేక దూరినట్లుండాది, బయటికి తోలు!”

“మేక కాదు. షడ్జం” అన్నాడు గంగాధరప్ప, కొంచెం నొచ్చుకుని.

షడ్జమని అతను చెప్పాక అందరికీ షడ్జంలాగే వినిపించింది. కాని వచ్చినవాళ్లెవరూ వినడానికి రాలేదు, చూడడానికి వచ్చారు. చూడడానికేమో పెట్టె ముందువైపు శెనక్కాయ నూనె డబ్బా కోసి కొట్టిన రేకు ఉంది. దాని మీద మిల్లు వాళ్ల శెనక్కాయ బొమ్మ తలకిందులుగా ఉంది. బిరడాల పక్కన సుద్దముక్కతో రాసిన అంకెలు చెయ్యి తగిలినప్పుడల్లా చెరిగిపోయేవి. వాల్వులు ఎలా వెలుగుతాయో, కరెంటులోంచి స్వరం ఎలా పుడుతుందో అతను అరగంట వివరిస్తే, పరిగి నుంచి వచ్చిన బంధువు ఒకాయన ఓపిగ్గా అంతా విని, “శానా బాగుండాది. దీంట్లో నూనె యాడ పోయాల?” అని అడిగాడు.

ఆ సాయంత్రం చౌడేశ్వరి రేకు ముందు కూర్చుని చాలాసేపు చూసింది. ఆమె ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. పదేళ్ల వయసు నుంచీ గళ్ల కాగితం మీద పట్టుచీరల అంచులు గీసేది. ఆ అంచులు చూసి వ్యాపారులు ఆమె తండ్రి బాలప్పను “నీ చేతిలో సరస్వతి ఉండాది” అని మెచ్చుకునేవారు. బాలప్ప కూడా తన చేతులవైపు చూసుకుని వినయంగా తలవంచేవాడు.

“ఈ బిరడా ఏం చేస్తాది?” అని అడిగింది చౌడేశ్వరి.

“స్వరాన్ని జారుస్తాది. గమకం.”

“మెట్లు వాయించేది కుడిచేత్తో. దీన్ని తిప్పేది?”

“ఎడమచేత్తో.”

“మరి కుడిపక్క పెట్టినావేమి? చేయి మీద చేయి వేసుకుని వాయిస్తావా?”

పదకొండు నెలలుగా గంగాధరప్ప పెట్టెను వెనకవైపు నుంచే చూస్తున్నాడు. వాయించేవాడు ముందువైపు కూర్చుంటాడన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

కొత్త రేకు తానే చేస్తానని చౌడేశ్వరి అనడంతో, ఇద్దరూ పెట్టెను రైలెక్కించి ధర్మవరంలో ఆమె పుట్టింటికి తీసుకుపోయారు. బాలప్ప అల్లుడి చేత ఒకసారి వాయింపించుకున్నాడు. మగ్గం ఆపి మరీ విన్నాడు.

“ఏమప్పా, వీణ వాయించేవాళ్లు అందరూ సచ్చిపోయినారా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు.

చౌడేశ్వరి పెరట్లోకి పోయింది. అక్కడ పట్టునూలుకు రంగులు అద్దే తొట్లున్నాయి. కొత్త అల్యూమినియం రేకు ఒకటి తీసుకుని, దాని రెండువైపులా తేనెమైనం కరిగించి పల్చగా పూసింది. మైనం గట్టిపడ్డాక సూదితో గీకి అక్షరాలు రాసింది. తర్వాత కాస్టిక్ సోడా కలిపిన నీళ్లను మట్టిపళ్లెంలో పోసి, రేకును అందులో ముంచింది. సూది గీకిన చోట మాత్రం సోడా రేకును తిని గుంటలు చేస్తుంది. మైనం ఉన్నచోట ముట్టుకోదు. మొదటిసారి ఎంతసేపు ఉంచాలో తెలియక, బుడగలు ముద్దుగా ఉన్నాయని చూస్తూ కూర్చుంది. తీసి చూస్తే ‘శ్రుతి’ ఉండాల్సిన చోట బొక్క ఉంది.

“శ్రుతి పోయినాది” అన్నాడు గంగాధరప్ప.

“నీ పెట్టెలో మాత్రం ఉండాదా?” అంది ఆమె, రెండో రేకుకు మైనం పూస్తూ.

రెండోది కుదిరింది. గుంటల్లో నల్ల లక్క నింపి, పైన బూడిదతో తోమింది. శ్రుతి, గమకం, వణుకు, జోరు అని నాలుగు బిరడాలకు పేర్లు. అయిదోదానికి పెట్టెను ఆపే వైపు ‘నిద్ర’, నడిపే వైపు ‘మెలకువ’. ఒక్కో బిరడా చుట్టూ పూరేకులు గీసింది. ఏ పూరేకు దగ్గర ఆపితే ఎంత జోరో చూడగానే తెలుస్తుంది. గమకం ఎడమవైపుకు వచ్చింది. అంచున హంసల వరుస. గంగాధరప్ప లోపలి తీగలన్నీ ఊడదీసి, రేకుకు తగ్గట్టు మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. కట్టి వాయిస్తే మొదటిసారిగా అది పాటలాగా ఉంది. చేతులకు దారి దొరికింది మరి. బాలప్ప పెరట్లోకి వచ్చి, పెట్టె వాయిస్తున్నంతసేపూ హంసలను చూశాడు.

“ఈ అంచు నాదే” అన్నాడు.

ఆ మరుసటి ఏడు పెనుకొండలో పంచాయతీ సమితి వాళ్లు పారిశ్రామిక ప్రదర్శన పెట్టారు. ఏర్పాట్లన్నీ వెంకటేశ్వర్లు అనే గుమాస్తా చేతిలో ఉన్నాయి. ఆఫీసులో సంగీతం తెలిసినవాడు అతనొక్కడే, ఎందుకంటే అతని బావమరిది ఇంట్లో ఫిడేలు ఉంది. గంగాధరప్ప దంపతులు తెచ్చిన స్వరపెట్టెను అన్ని వైపుల నుంచీ పరిశీలించి అతను పెదవి విరిచాడు.

“అక్షరాలు తెలుగులో ఉండాయే! ఇంగ్లీషులో లేకపోతే అది మిషను ఎట్లయితాది? జిల్లా నుంచి ఆఫీసర్లు వస్తాండారు.”

“ఆఫీసర్లు వాయిస్తారా సామీ?” అని అడిగింది చౌడేశ్వరి.

వెంకటేశ్వర్లు ఆమె మాట వినిపించుకోలేదు. ఆఫీసు టైపుమిషను మీద ఇంగ్లీషు పేర్లు కొట్టించి, చీటీలుగా కత్తిరించి, తెలుగు అక్షరాల మీద జిగురుతో తానే అంటించాడు. ఒకటి వంకరగా ఉంది. అదే చాలా ఆధునికంగా ఉందని సంతోషించాడు.

సభ నాలుగు గంటలకు. ముఖ్య అతిథి ఏడింటికి వచ్చాడు. అప్పటిదాకా పెట్టె మెలకువగానే ఉండాలని వెంకటేశ్వర్లు ఆజ్ఞ. వాల్వుల వేడికి జిగురు కరిగి, ఇంగ్లీషు చీటీలు ఒక్కొక్కటే రాలి కిందపడ్డాయి. ఎవరూ గమనించలేదు.

ప్రార్థన పాడడానికి ఆదిలక్ష్మమ్మ వేదిక ఎక్కింది. బాలికల బడిలో సంగీతం నేర్పే టీచరు ఆమె. ఆమె శ్రుతి తప్పగా పెనుకొండలో ఎవరూ వినలేదు. విన్నా గుర్తుపట్టగలవాళ్లు ఎంతమంది అన్నది వేరే మాట. తంబురా బదులు స్వరపెట్టె శ్రుతి ఇవ్వాలని ఏర్పాటు. గంగాధరప్ప షడ్జం నొక్కి పట్టుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుని ఎత్తుకుంది. నిజంగా చక్కగా ఉంది.

సరిగ్గా అప్పుడే, అతిథికి కన్నులపండువగా ఉండాలని, వెంకటేశ్వర్లు పందిరికి కట్టిన రంగు దీపాలన్నీ ఒక్కసారిగా వేయించాడు.

పెనుకొండ కరెంటు అంత వైభవాన్ని తట్టుకోలేకపోయింది. కరెంటు బలం తగ్గేకొద్దీ స్వరం కిందికి జారసాగింది. మెల్లగా, మర్యాదగా, ఎవరికీ అనుమానం రాకుండా జారింది. శ్రుతిని వదలకూడదన్న నియమం గల మనిషి ఆదిలక్ష్మమ్మ. ఆమె కూడా దాని వెంటే దిగింది. గంగాధరప్ప శ్రుతి బిరడాను పైకి తిప్పుతూ పోయాడు. చివరికి అది ఇక తిరగనంది. రెండో చరణానికల్లా ఆమె గొంతు మగగొంతయింది. మూడో చరణంలో అది గొంతులా కాక, రాళ్ల బండి దూరంగా పోతున్నట్టు వినిపించింది.

“ఆహా! మంద్రస్థాయి!” అని వెంకటేశ్వర్లు అతిథి చెవిలో చెప్పాడు. అతిథి తల ఊపాడు. అది చూసి సభంతా తల ఊపింది.

అంతలో రంగు దీపాల ఫ్యూజు కాలిపోయింది. అన్ని దీపాల బరువూ దిగిపోగానే కరెంటు ఒక్కసారిగా బలం పుంజుకుంది. శ్రుతి బిరడా చివరి దాకా తిప్పి ఉండడంతో స్వరం మొదట ఉన్నచోటుకి కాక ఆకాశానికి ఎగిరింది. ఆదిలక్ష్మమ్మా ఎగరబోయి, దగ్గు వచ్చి ఆగింది. కళ్లు తెరిచింది. పెట్టె దగ్గరికి నడిచి వచ్చి, వంగి, రేకు మీద అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. అయిదో బిరడా దగ్గర ఆగి, దాన్ని ‘నిద్ర’ వైపు తిప్పింది. తిరిగి వెళ్లి, ఏ తోడూ లేకుండా, తన శ్రుతిలో పాట పూర్తిచేసింది.

చప్పట్లు బాగా పడ్డాయి. గంగాధరప్ప తల ఎత్తలేదు.

బహుమతుల వేళ అతని పేరు పిలిచారు. యంత్రానికి కాదు. హస్తకళల విభాగంలో, రేకు మీది నగిషీకి మొదటి బహుమతి, స్టెయిన్‌లెస్ స్టీలు గ్లాసు.

“అయ్యా, రేకు నాది కాదు. మా ఇంటామె చేసినాది. ఆమెను పిలవండి” అన్నాడు గంగాధరప్ప.

“సర్టిఫికెట్టు రాసేసినామప్పా. రాసినాక మార్చేదానికి రూల్సు లేవు” అన్నాడు వెంకటేశ్వర్లు.

“అయితే నాకొద్దు.”

అంత మాట సభలో ఎవరూ అనరు గనక వెంకటేశ్వర్లుకు ఏం చేయాలో తోచలేదు. చివరికి ‘గంగాధరప్ప’ ముందు ‘శ్రీమతి’ అని చేర్చి ఇచ్చాడు. చౌడేశ్వరి వేదిక ఎక్కి గ్లాసు తీసుకుంది. సర్టిఫికెట్టు గ్లాసులో చుట్ట చుట్టి పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు రైలు సోమందేపల్లి దాటింది.

“ఎందుకు జారినాది?” అని అడిగింది చౌడేశ్వరి.

“కరెంటు తగ్గితే స్వరం తగ్గుతాది. మన అంగట్లో పొద్దున పూట కరెంటు నిలకడగా ఉంటాది. నాకు తెలియలేదు.”

“ఇప్పుడు తెలిసినాది కదా?”

“అందరి ముందూ తెలిసినాది.”

“ఒకరి ముందు తెలిసినా అందరి ముందు తెలిసినా చేయాల్సిన పని అదే కదా” అంది ఆమె.

తర్వాత ఏడాది విచిత్రంగా గడిచింది. చింతపండు వ్యాపారి తన అంగడి బోర్డు మీద పేరు హంసల మధ్య కావాలని వచ్చాడు. డాక్టరు ఒకాయన, టూరింగు టాకీసు యజమాని, చివరికి వెంకటేశ్వర్లు కూడా వచ్చారు. వెంకటేశ్వర్లుకు పేరు తెలుగులోనే కావాలట, అదే ఇప్పుడు గౌరవమట. అంగట్లోకి వచ్చినవాళ్లు గంగాధరప్పను చూసి “ఆయమ్మ లేదా?” అని అడిగేవారు. అతను లోపలున్న చౌడేశ్వరిని పిలిచి, రేకులకు మేకుల బొక్కలు వేసే పని తాను చూసుకునేవాడు. మొదట్లో రోషంగా వేసేవాడు, తర్వాత తిన్నగా వేయడం నేర్చుకున్నాడు.

మిగిలిన వేళల్లో స్వరపెట్టెతో కుస్తీ. కరెంటు ఎగిరినా దిగినా లోపలికి ఒకే మోతాదులో పంపే వాల్వు ఒకటి ఉంటుందని తెలిసింది. దానికోసం బెంగుళూరు సంతకు అయిదుసార్లు పోయాడు. అయిదోసారి దొరికింది.

అది బిగించి, ఒక ఉదయం పెట్టెను మోసుకుని పెనుకొండ బాలికల బడికి వెళ్లాడు. ఆదిలక్ష్మమ్మ అతన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

“ఒక్కసారి వినండి అమ్మా. బాగలేకపోతే మీరే నిద్రపుచ్చండి.”

ఆమె నవ్వలేదు. బడిలో ఉన్న దీపాలన్నీ వేయించింది. హెడ్మాస్టరు గదిలోని ఫ్యాను కూడా తిప్పించింది. తర్వాత కళ్లు మూసుకోకుండా, రేకు వైపే చూస్తూ పాడింది. పాట అయిదు నిమిషాలు. స్వరం వెంట్రుకవాసి కదల్లేదు. ఆమె దీపాలు ఆర్పించి, మళ్లీ వేయించి, ఇంకోసారి పాడింది.

“నాకు తంబురా ఉండాది, ఇది వద్దు. కానీ పిల్లలకు తంబురా మీటేది నేర్పేలోగా ఏడాది అయిపోతాంది. వాళ్లకు పనికొస్తాది. ఈడ పెట్టి పో” అంది.

అప్పటికే నలుగురు ఆడపిల్లలు పెట్టె చుట్టూ చేరి, ‘వణుకు’ నేను తిప్పుతానంటే నేను తిప్పుతానని తోసుకుంటున్నారు. గంగాధరప్ప వాళ్లకు ఏ పేరు ఏం చేస్తుందో చెప్పబోయాడు. వాళ్లు అంతకుముందే చదివేసుకున్నారు.

ఇంటికి వట్టిచేతులతో వచ్చాడు.

“పెట్టె యాడ?” అంది చౌడేశ్వరి.

“ఆడనే పెట్టి వచ్చినా. పిల్లోళ్లు వాయిస్తాండారు.”

“నా రేకు?”

“రేకు లేకుండా వాయించలేరు కదా.”

ఆమె అతని ముఖం ఒకసారి చూసి, చేతిలోని చింతపండు వ్యాపారి బోర్డు పక్కన పెట్టింది. ట్రంకుపెట్టెలోంచి గళ్ల కాగితం తీసి నేల మీద పరిచింది.

“రెండోదానికి ఎన్ని బిరడాలు?”

“తొమ్మిది” అన్నాడు గంగాధరప్ప, ఉత్సాహంగా.

“ఆరు చాలు” అని చౌడేశ్వరి గీత గీసింది.